చదవడం నేర్పే టీచరుకు ఏ శిక్షణ? దీక్ష నుంచి డిస్లెక్సియా కోర్సు దాకా ఒక పోలిక

వేసవి సెలవులు దగ్గర పడేసరికి టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో శిక్షణల ప్రకటనలు వరస కడతాయి. రెండు రోజుల్లో ఫోనిక్స్ (ధ్వనులను అక్షరాలతో జోడించి ఇంగ్లిష్ చదవడం నేర్పే పద్ధతి) సర్టిఫికెట్, ఇంట్లో కూర్చుని ఎఫ్ఎల్ఎన్ (చదవడం, రాయడం, లెక్కల పునాది) కోర్సు, కొన్ని నెలల్లో రీడింగ్ స్పెషలిస్ట్ డిప్లొమా. ప్రభుత్వ బడుల్లో ఉన్నవాళ్లకు మండలం నుంచీ, జిల్లా టీచర్ల శిక్షణ సంస్థ డైట్ నుంచీ వచ్చే శిక్షణలు ఎలాగూ ఉంటాయి. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి శిక్షణ తీసుకోవాలంది. పిల్లలకు చదవడం నేర్పే టీచరు ఆ గంటలు ఎక్కడ పెడితే తరగతి గదిలో తేడా కనిపిస్తుందన్నది ఇప్పుడు చూద్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ కోర్సు విలువైనా రెండు చోట్ల తేలిపోతుంది. మీ పిల్లలు చదివే లిపి గురించి అది మాట్లాడుతుందా? మీరు పిల్లల ముందు నేర్పుతుంటే ఎవరైనా వచ్చి చూసి, ఎక్కడ మార్చుకోవాలో చెబుతారా? ఈ రెండూ ఉంటే పెద్ద పేరు లేని శిక్షణైనా చేరిపోండి. రెండూ లేకపోతే ఎంత పేరున్న సంస్థదైనా తర్వాత చూసుకోవచ్చు.

ముందు మీ పిల్లల చదువు వినండి

కోర్సు ఎంచుకునే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఒక్కొక్క పిల్లవాడినీ పక్కన కూర్చోబెట్టుకుని రెండు నిమిషాలు చదివించండి. పిల్లల చదివే స్థాయిని కొలిచే అసర్ సర్వేలో వాడే పరీక్ష పత్రం తెలుగులో దొరుకుతుంది. అందులో అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. అది లేకపోయినా మీరే ఒక వాక్యం రాయండి. "బుజ్జి మేక చెట్టు కింద పడుకుంది."

ఒక పాప దాన్ని "బుజి మేక చెటు కింద పడుకుంది" అని చదువుతుంది. ఆ పాపకు అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, ఒత్తు దగ్గరే ఇబ్బంది. ఇంకో బాబు రాగం తీస్తూ గడగడా చదివేస్తాడు. "మేక ఎక్కడ పడుకుంది?" అని అడిగితే వాక్యం మళ్లీ మొదటి నుంచి చదువుతాడు గానీ జవాబు చెప్పడు. మూడో పిల్లవాడు పుస్తకంలో పాఠమంతా అప్పజెబుతాడు. కానీ నోరు ఒక మాట దగ్గర, వేలు ఇంకో మాట దగ్గర ఉంటాయి. అదే "కింద" అన్న మాటను బోర్డు మీద విడిగా రాస్తే తెల్లముఖం వేస్తాడు. నాలుగో తరగతికి వచ్చినా వ, ప తేడా పట్టుకోలేక, అయినా నోటితో కథ చెప్పమంటే అందరికన్నా బాగా చెప్పే పిల్లలు అక్కడక్కడా కనిపిస్తారు. తెలుగు హాయిగా చదివి, ఇంగ్లిష్ దగ్గర మొదటి అక్షరం చూసి మిగతా మాటను ఊహించేవాళ్లయితే ఈ రోజుల్లో ప్రతి బడిలోనూ ఉన్నారు.

ఈ పిల్లలందరి గురించీ స్టాఫ్ రూమ్‌లో "చదవడం రాదు" అనే చెప్పుకుంటాం. కానీ వీళ్లకు కావలసిన బోధన ఒకటి కాదు కాబట్టి వీళ్ల టీచర్లకు కావలసిన శిక్షణా ఒకటి కాదు. మీ తరగతిలో ఏ రకం వాళ్లు ఎక్కువున్నారో ఒక కాగితం మీద రాసుకుని ఆ తర్వాత ముందుకు రండి.

దీక్షలో నిష్ఠ: ఉచితం, తెలుగులో, కానీ ఒంటరిగా

కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ కార్యక్రమం 2021 జూలై 5న మొదలైంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లవాడికీ అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావాలన్నది దాని లక్ష్యం. 2026-27 విద్యా సంవత్సరాన్ని గడువుగా పెట్టుకున్నారు. దానికోసం ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్ష మీద, నిష్ఠ అనే టీచర్ల శిక్షణ కార్యక్రమం మూడో విడతగా 12 కోర్సులు వచ్చాయి. భాష, అక్షరాస్యత మీద ఒకటి, ప్రాథమిక తరగతుల్లో బహుభాషా బోధన మీద ఒకటి, మూల్యాంకనం మీద ఒకటి ఉన్నాయి. చివరి పరీక్షలో 70 శాతం తెచ్చుకుంటే సర్టిఫికెట్ వస్తుంది.

ఎఫ్ఎల్ఎన్ అంటే ఏమిటో, మౌఖిక భాష ఎందుకు ముఖ్యమో, ధ్వని అవగాహన అంటే ఏమిటో తెలియని టీచరుకు ఇది మంచి మొదటి మెట్టు. ఖర్చు లేదు, సెలవు పెట్టనక్కర్లేదు. పరిభాష ఒకసారి పట్టుబడితే ఆ తర్వాత ఏ శిక్షణలో కూర్చున్నా చెప్పేది అందుతుంది. లోపమల్లా ఒక్కటే, మీరు నేర్పేది చూసేవాళ్లుండరు. వీడియో రన్ చేసి పక్కన జవాబు పత్రాలు దిద్దుకునే అలవాటు ఎంతగా పాకిందో టీచర్లకు నేను చెప్పనక్కర్లేదు. అది టీచర్ల బద్ధకమని నేను అనను. ఒంటరిగా తెర ముందు కూర్చోబెట్టి, చేసిన పని ఎవరూ చూడని ఏర్పాటులో అంతకన్నా జరగదు. చేయాలనుకుంటే మీ బడిలో ఇంకొకరితో కలిసి ఒకే కోర్సు చేయండి. వారానికి ఒక్క కృత్యమైనా తరగతిలో చేసి, ఒకరి క్లాసు ఒకరు చూసుకోండి. అప్పుడు అది శిక్షణ అవుతుంది.

తెలంగాణలో 2022 ఆగస్టు నుంచి నడిచిన తొలిమెట్టు వంటి రాష్ట్ర కార్యక్రమాలకు ముఖాముఖి శిక్షణలు, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాలు ఉంటాయి. వాటి నాణ్యత రిసోర్స్ పర్సన్ మీద ఆధారపడుతుంది. ఒకటి రెండు తరగతుల్లో తానే చదవడం నేర్పి వచ్చిన రిసోర్స్ పర్సన్ దొరికితే ఆ రోజులు బంగారం. పీపీటీ చదివి వినిపించేవాళ్లు దొరికితే నోట్సు తెచ్చుకోవడమే. కానీ కాంప్లెక్స్ సమావేశానికి ఒక బలం ఉంది, అక్కడికొచ్చేవాళ్ల పిల్లలూ మీ పిల్లలూ ఒకే ప్రాంతం వాళ్లు, ఒకే పాఠ్యపుస్తకం చదివేవాళ్లు. పిల్లలు చదివిన ఆడియో రెండు ఫోన్లో రికార్డు చేసుకుని వెళ్లి "ఈ పాప ఒత్తు ఎందుకు వదిలేస్తోంది, మీరైతే ఏం చేస్తారు?" అని అడిగి చూడండి. ఆ సమావేశం తీరే మారుతుంది.

మూడు నుంచి ఐదు తరగతుల్లో వెనకబడినవాళ్లకు టార్ల్

టార్ల్ అంటే టీచింగ్ ఎట్ ది రైట్ లెవెల్, ప్రథమ్ సంస్థ తయారు చేసిన పద్ధతి ఇది. తరగతిని పక్కనపెట్టి, పిల్లల స్థాయిని బట్టి జట్లు కడతారు. ప్రారంభం, అక్షరం, పదం, పేరా, కథ అని ఐదు స్థాయిలు. రోజూ కొంత సమయం పూర్తిగా దానికే. గుణింతాల చార్టు కలిసి చదవడం, కథ వినడం, దాని గురించి మాట్లాడుకోవడం, నేల మీద మాటలు రాయడం, ఆటలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోనూ టార్ల్ పేరుతో టీచర్లకు శిక్షణలు జరిగాయి.

శిక్షణ గురించి ఆలోచించే ఎవరైనా దీని చరిత్ర తెలుసుకోవాలి. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం దీని మీద అనేక రాష్ట్రాల్లో ప్రయోగాలు చేసింది. బీహార్‌లో 2008 వేసవి శిబిరాల్లో ప్రభుత్వ టీచర్లే పిల్లల స్థాయిని బట్టి నేర్పితే చదవడం మెరుగుపడింది. అదే రాష్ట్రంలో బడి నడిచే రోజుల్లో టీచర్లకు శిక్షణా సామగ్రీ ఇచ్చి వదిలేస్తే ఏమీ మారలేదు. టీచర్లకు సత్తా ఉందని వేసవి శిబిరం చూపించింది. బడి మొదలయ్యాక సిలబస్ పూర్తి చేయాలన్న టెన్షన్ ఆ సత్తాను మింగేసింది. తర్వాత హర్యానాలో 2012-13లో రెండు మార్పులు చేశారు. టైంటేబుల్లో రోజుకు ఒక గంట దీనికే కేటాయించారు. పర్యవేక్షణ చేయాల్సిన బ్లాక్ స్థాయి కోఆర్డినేటర్లు ముందు తామే కొన్ని వారాలు పిల్లలకు ఈ పద్ధతిలో నేర్పారు, ఆ తర్వాతే టీచర్లకు శిక్షణ ఇచ్చి బడులకు వెళ్లి చూశారు. ఈసారి ఫలితం వచ్చింది.

మొదట్లో నేను పెట్టిన రెండో ప్రశ్నకు ఆధారం ఇదే. శిక్షకుడు ఇటీవల పిల్లలకు నేర్పాడా, మీ బడికి వస్తాడా, మీ హెడ్మాస్టర్ రోజుకో గంట విడిగా ఇస్తారా? మూడింటికీ అవును అయితే టార్ల్ శిక్షణకు మించింది ఈ తరగతులకు లేదు. గంట దొరకని బడిలో మాత్రం ఎంత బాగా నేర్చుకుని వచ్చినా అది మూలన పడుతుంది. ఇంకో సంగతి, ఇది వెనకబడినవాళ్లను పట్టుకొచ్చే పద్ధతి. ఒకటో తరగతిలో అసలు మొదలుపెట్టడం ఎలా, కథ స్థాయి దాటిన పిల్లల్ని సైన్సు పాఠం సొంతంగా చదువుకునే దాకా తీసుకెళ్లడం ఎలా అన్నవి వేరే చోట నేర్చుకోవాలి.

లోతుగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు

లాంగ్వేజ్ అండ్ లెర్నింగ్ ఫౌండేషన్ 2015లో ధీర్ ఝింగ్రన్ స్థాపించిన సంస్థ. తొలి తరగతుల్లో భాష, అక్షరాస్యత మీద నెలల తరబడి నడిచే కోర్సులు ఇస్తుంది. చదవడం, తరగతిలో చేసి చూడడం, రాసి పంపడం, మెంటరుతో మాట్లాడడం అన్న పద్ధతి. ఎక్కువ భాగం హిందీలో, ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఇంటి భాష వేరు, బడి భాష వేరు అయిన పిల్లల గురించి వీళ్ల పని బలమైనది. ఆదిలాబాద్‌లో గోండి, భద్రాచలం వైపు కోయ, ఉత్తరాంధ్ర కొండల్లో సవర మాట్లాడే పిల్లలకు నేర్పే టీచర్లకు ఇది సూటిగా పనికొస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా బోధన నడిపిన అనుభవం మనకూ ఉంది. ఆ పుస్తకాలు, ఆ రోజుల్లో పనిచేసిన టీచర్లు మీ దగ్గర్లో ఉంటే వాళ్లను కలవడమే ఒక కోర్సు.

హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లో నడిచిన ఎర్లీ లిటరసీ ఇనిషియేటివ్ తయారు చేసిన వ్యాసాలు ఇంగ్లిష్ చదవగలిగినవాళ్లు తప్పక చూడాలి. ఆ పనికి ముందు శైలజా మీనన్ తదితరులు కర్ణాటకలోని యాదగిరి, మహారాష్ట్రలోని వాడా ప్రాంతాల్లో 2011 నుంచి 2016 దాకా ఒకటి నుంచి మూడు తరగతుల పిల్లలను వెంట ఉండి చూశారు. అక్షరాలు, గుణింతాలు పూర్తయ్యే దాకా అర్థంతో పని లేనట్టు సాగే బోధనలో పిల్లలు అటు అక్షరాలూ గట్టిపరచుకోలేక, ఇటు చదవడంలో అర్థమన్నది ఉంటుందని తెలుసుకోలేక మిగిలిపోతున్నారని తేలింది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు కాబట్టి ఆ మాటలు మన తరగతులకు నేరుగా వర్తిస్తాయి.

బెంగళూరులో సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనమూ కన్నడ పిల్లల మీదే. ఇంగ్లిష్ పిల్లలు తమ 26 అక్షరాలు నేర్చినంత త్వరగా మన లిపుల్లో పిల్లలు అక్షర సంపద మొత్తం నేర్వలేరని, దానికి ఏళ్లు పడుతుందని ఆమె చూపించారు. ఇది తెలిసిన శిక్షకుడు "ఒకటో తరగతిలోనే ఒత్తులన్నీ అయిపోవాలి" అని మీ మీద ఒత్తిడి పెట్టడు. మన లిపిని కాస్త దగ్గరగా చూడండి. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. "కొ" రాసిన తీరు వేరు, "మొ" రాసిన తీరు వేరు. "పు", "వు" దగ్గర కొమ్ము మిగతా అక్షరాలకు వచ్చినట్టు రాదు. తెలుగు చదవడం నేర్పే శిక్షణలో ఈ చిక్కుల మీద కనీసం ఒక పూట పని జరగకపోతే అది ఇంగ్లిష్ కోర్సుకు తెలుగు తొడుగు వేసినట్టే.

ఫోనిక్స్ సర్టిఫికెట్లు: డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే

ప్రైవేటు బడుల్లో ఎల్కేజీ, యూకేజీ టీచర్లకు ఇప్పుడు ఫోనిక్స్ సర్టిఫికెట్ తప్పనిసరి అయిపోయింది. పద్ధతి మంచిదే. ఇంగ్లిష్‌లో ధ్వనులను అక్షరాలతో క్రమంగా, నేరుగా నేర్పితే పిల్లలు బాగా చదువుతారని అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లోనే తేల్చింది. జాలీ ఫోనిక్స్‌లో 42 ధ్వనులను ఒక వరసలో నేర్పుతారు. ఏ, బీ, సీ వరసలో కాకుండా ఎస్, ఏ, టీ, ఐ, పీ, ఎన్ అన్న ఆరు అక్షరాల ధ్వనులతో మొదలుపెడతారు. ఎందుకంటే ఆ ఆరింటితోనే సాట్, పిన్, ట్యాప్, టిన్ లాంటి మాటలు మొదటి వారాల్లోనే పిల్లలు సొంతంగా చదవగలరు.

మన దగ్గర సమస్య పద్ధతిలో లేదు, దాన్ని అమ్మే తీరులో ఉంది. శిక్షకుడి నోరు వినండి. బీ అక్షరం ధ్వని చెప్పమంటే "బ" అంటున్నాడా? టీ ధ్వనికి "ట" అంటున్నాడా? అలాగైతే పిల్లవాడు బ్యాట్ అన్న మాటను "బ-యా-ట" అని కలుపుకుంటాడు, అది ఎప్పటికీ బ్యాట్ కాదు. మన హల్లులో అకారం కలిసే ఉంటుంది కాబట్టి తెలుగు నాలుకకు ఈ పొరపాటు సహజం. మంచి శిక్షణ మొదటి రోజే దీన్ని సరిచేస్తుంది, ప్రతి టీచరు చేతా విడివిడిగా పలికించి వింటుంది. యాభై మందిని ఒక జూమ్ కాల్లో మ్యూట్‌లో పెట్టి చెప్పే కోర్సులో ఇది జరిగే పని కాదు.

డబ్బు కట్టేముందు ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. ధ్వనులు కలిపి చదవడంతో పాటు, మాటను ధ్వనులుగా విడగొట్టి రాయడం కూడా నేర్పుతారా? ద (the), సెడ్ (said), వాజ్ (was) లాంటి నియమాలకు లొంగని మాటల సంగతేమిటి? పిల్లలు చదువుకోవడానికి, అప్పటిదాకా నేర్చిన ధ్వనులతోనే రాసిన చిన్న పుస్తకాలు చూపిస్తారా? ఇవి లేకుండా పాటలూ చేతి సైగలూ మాత్రమే నేర్పితే వార్షికోత్సవం స్టేజీ మీద బాగుంటుంది, పుస్తకం తెరిస్తే ఏమీ ఉండదు. "సర్టిఫికెట్ ఇంటర్నేషనల్" అన్న మాటకు ఎవరు గుర్తింపు ఇచ్చారో కాగితం మీద చూపించమని అడగండి. టెట్, డీఎస్సీలకు ఇలాంటి సర్టిఫికెట్ అర్హత కాదు, అక్కడ డీఎడ్, బీఎడ్ లాంటి గుర్తింపు ఉన్న కోర్సులే లెక్క.

ఫోనిక్స్ నేర్చుకున్నాక దాన్ని తెలుగుకు అలాగే దించేయాలని కొందరు ప్రయత్నిస్తున్నారు. తెలుగులో పిల్లవాడికి ముందు చెవికి అందేది "క", "కి", "కు" లాంటి అక్షరం మొత్తం. గుణింతంలో ఏ గుర్తు ఏ శబ్దాన్ని మారుస్తోందో చూపించేటప్పుడు ధ్వని ఆలోచన పనికొస్తుంది. అంతేగానీ క్ అనే ధ్వనినీ అ అనే ధ్వనినీ విడదీసి మొదలుపెట్టాల్సిన అవసరం మన లిపికి లేదు.

ఇంగ్లిష్ బోధన కోర్సులు

హైదరాబాద్‌లోని ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ (ఈఫ్లూ) 1958 నుంచి ఇంగ్లిష్ టీచర్లకు శిక్షణ ఇస్తోంది. ఇంగ్లిష్ బోధన మీద పీజీ సర్టిఫికెట్ కోర్సు (పీజీసీటీఈ) దూరవిద్యలో కూడా ఉంది. బెంగళూరులోని రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ 1963 నుంచి దక్షిణాది రాష్ట్రాల ప్రభుత్వ టీచర్లకు 30 రోజుల కోర్సులు నడుపుతోంది. రెండూ గట్టి సంస్థలే. మీ ఇంగ్లిష్ మెరుగుపడుతుంది, భాషా బోధన అర్థమవుతుంది, విలువ ఉన్న సర్టిఫికెట్ చేతికొస్తుంది. హైస్కూల్ ఇంగ్లిష్ టీచరుకు నేను ముందు ఇవే చెబుతాను. అసలు చదవడమే మొదలుపెట్టని ఆరేళ్ల పిల్లల టీచరుకు ఇవి మొదటి ఎంపిక కావు.

ఒక్క పిల్లవాడు మాత్రం కదలకపోతే

పైన చెప్పిన నాలుగో తరగతి పిల్లవాడిలాంటి వాళ్లు ఉంటే డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం దగ్గర మాత్రం ఎదురయ్యే ప్రత్యేకమైన ఇబ్బంది, ఉండే అవకాశం ఆలోచించాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను జాబితాలో చేర్చింది. ఈ పిల్లలకు ఒక్కో ధ్వనీ ఒక్కో అక్షరమూ చూపు, చెవి, స్పర్శ కలిపి, చాలా నిదానంగా, మళ్లీ మళ్లీ నేర్పే పద్ధతి కావాలి. ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పద్ధతి అలాంటిదే. 1991లో మొదలైన మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్ చెన్నైలో టీచర్లకు శిక్షణ ఇస్తుంది. మన రాష్ట్రాల టీచర్లకు దగ్గర్లో ఉన్న నమ్మకమైన చోట్లలో అదొకటి.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. స్పెషల్ ఎడ్యుకేటరుగా పనిచేయాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు చేసి, అక్కడ నమోదు కావాలి. చిన్న వర్క్‌షాప్ సర్టిఫికెట్‌తో ఆ పని చేయకూడదు. రెండోది, మామూలు తరగతి టీచరుకు ఇందులో పూర్తి కోర్సు అవసరం లేదు. లక్షణాలు గుర్తించడం, తల్లిదండ్రులతో జాగ్రత్తగా మాట్లాడడం, తరగతిలో చేయగలిగిన మార్పులు నేర్పే చిన్న శిక్షణ చాలు. సరిగా నేర్పకపోవడం వల్ల వెనకబడిన పిల్లలకు డిస్లెక్సియా ముద్ర వేయడం మన దగ్గర మొదలైంది. అది ఆ పిల్లలకు అన్యాయం. మంచి బోధన కొన్ని నెలలు పద్ధతిగా అందాక కూడా కదలిక లేకపోతేనే ఆ దారి చూడాలి.

పుస్తకాలతో పని నేర్పే శిక్షణ

దీన్ని శిక్షణగా లెక్కపెట్టేవాళ్లు తక్కువ, నా దృష్టిలో చాలా ముఖ్యం. టాటా ట్రస్ట్స్ పరాగ్ నడిపే లైబ్రరీ ఎడ్యుకేటర్స్ కోర్సు కొన్ని నెలల పాటు సాగుతుంది. హిందీ, ఇంగ్లిష్‌లలో ఉంది. బిగ్గరగా చదివి వినిపించడం, పుస్తకం గురించి పిల్లలతో మాట్లాడడం, లైబ్రరీ పీరియడ్‌ను బతికించడం నేర్పుతుంది. గడగడా చదివి అర్థం చెప్పలేని పిల్లలు ఎక్కువున్న తరగతికి ఇది బాగా పనిచేస్తుంది. కోర్సు కుదరకపోతే స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్ల బొమ్మల కథలు తక్కువ ధరకే వస్తాయి. రోజూ ఒక కథ చదివి వినిపించి, మధ్యలో ఆగి "ఇప్పుడేమవుతుందంటావు?" అని అడగడం ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

విదేశాల్లో తెలుగు నేర్పేవాళ్లు

అమెరికాలో మనబడి వంటి చోట్ల వారాంతాల్లో తెలుగు నేర్పే వాలంటీర్ల అవసరం వేరు. వాళ్ల పిల్లలకు ఇంగ్లిష్ చదవడం ముందే వచ్చు, తెలుగు మాటలు తక్కువ. కాబట్టి మాటల సంపద, మౌఖిక భాష మీద పనిచేసే శిక్షణ చూసుకోండి. అక్కడి బడుల్లో పనిచేసే తెలుగు టీచర్లకు, చదవడం ఎలా నేర్పాలో టీచర్లకు చెప్పే లెటర్స్ శిక్షణ పేరు బాగా తెలుసు. మిసిసిపీ రాష్ట్రం 2013లో పిల్లలకు చదవడం రావాలన్న చట్టం చేసి, టీచర్లకు ఆ శిక్షణ ఇచ్చి, వెనకబడిన బడులకు లిటరసీ కోచ్‌లను పంపింది. 2019కల్లా నాలుగో తరగతి పిల్లలు చదవడంలో జాతీయ సగటును అందుకుంది. దాన్ని చెప్పేటప్పుడు చాలామంది కోర్సు పేరే చెప్పి కోచ్‌ల సంగతి వదిలేస్తారు.

ఎవరు ఏది ఎంచుకోవాలి

ఒకటి, రెండు తరగతులు చూసే ప్రభుత్వ టీచరు ముందు నిష్ఠ భాషా కోర్సును ఇంకొకరితో జతగా పూర్తి చేసి, లిపి మీద ముఖాముఖి శిక్షణ ఎక్కడ దొరికితే అక్కడ కూర్చోవాలి. ఏకోపాధ్యాయ పాఠశాల అయితే టార్ల్ పద్ధతి మీకు రెండింతలు పనికొస్తుంది, ఎలాగూ మీరు ఐదు తరగతులను కలిపే చూస్తున్నారు కాబట్టి జట్లు కట్టడం తేలిక. మూడు నుంచి ఐదు తరగతుల టీచరుకు నా సలహా టార్లే, గంట సమయం ఖాయమైతేనే.

ప్రైవేటు బడిలో యూకేజీ టీచరు మంచి ఫోనిక్స్ కోర్సు ఒకటి చేయాలి. ఫీజు మీ జేబులోంచి అయితే, రికార్డు చేసిన వీడియోల కోర్సుకు ఇచ్చే డబ్బుకు కొంచెం కలిపి, పలికించి వినే ముఖాముఖి శిక్షణకు వెళ్లండి. యాజమాన్యం అడుగుతోందని చేస్తుంటే ఫీజు యాజమాన్యమే కట్టాలని అడగడంలో తప్పు లేదు.

వృత్తిలో ముందుకు వెళ్లాలని, రేపు రిసోర్స్ పర్సన్ కావాలని ఉన్నవాళ్లు నెలల తరబడి సాగే లోతైన కోర్సుకు వెళ్లండి. హిందీ గానీ ఇంగ్లిష్ గానీ ఇబ్బంది లేకుండా చదవగలగాలి, వారానికి కొన్ని గంటలు నిజంగా కేటాయించగలగాలి. అదే ఏడాది పదోన్నతి పరీక్షో బదిలీయో ఉంటే వాయిదా వేసుకోవడమే మంచిది.

కోర్సు వాళ్లకు ఫోన్ చేసినప్పుడు వేగం గురించి ఒక ప్రశ్న అడగండి. నిపుణ్ లక్ష్యాల్లో మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలని ఉంది. తెలుగులో "పడుకుంటున్నప్పుడు" అన్నది ఒకే మాట, ఇంగ్లిష్‌లో అది మూడు నాలుగు మాటలు. అందుకే 2022 ఫౌండేషనల్ లెర్నింగ్ స్టడీలో తెలుగుతో సహా 20 భాషలకు ఏ భాషకా భాష కొలత వేశారు. "తెలుగుకు మీరు ఏ కొలత వాడతారు?" అని అడిగితే, ఆ శిక్షకుడు మన భాష గురించి ఆలోచించాడో లేదో అర నిమిషంలో తెలుస్తుంది.

హెడ్మాస్టర్లకు, బడి డబ్బుతో టీచర్లను పంపేవాళ్లకు ఒక మాట. నలుగురిని నాలుగు కోర్సులకు పంపకండి. ఒకే కోర్సుకు ఇద్దరిని పంపండి, వాళ్లిద్దరికీ వారంలో ఒక పీరియడ్ ఒకే సమయంలో ఖాళీ ఇవ్వండి. పంపే ముందు నెలలోనూ, వచ్చాక మూడు నెలలకూ అదే పిల్లల చేత అదే స్థాయి పేరా చదివించి రాసిపెట్టుకోండి. పేరా మాత్రం కొత్తది పెట్టండి, పాతది పిల్లలకు నోటికి వచ్చేసి ఉంటుంది.